జాతరకూ తుఫానుకూ ఒకే రిపీటర్ పెట్టె: పర్లాకిమిడి మాస్టారికి జవాబు

పర్లాకిమిడి నుంచి ఒక మాస్టారు అడిగిన ప్రశ్న ఇది. వాళ్ల ఊళ్లో, కాశీనగర్‌లో, గుణుపురంలో కలిపి లైసెన్సు ఉన్న హామ్‌లు (అభిరుచిగా రేడియోలో మాట్లాడేవాళ్లు) ఏడుగురు ఉన్నారు. రథయాత్రకూ జాతరలకూ స్వచ్ఛందంగా రేడియో డ్యూటీ చేస్తున్నారు. హ్యాండీలతో, అంటే చేతిలో పట్టే చిన్న రేడియో సెట్లతో, గుడి దగ్గర ఉన్నవాళ్ల మాట బస్టాండు దగ్గర ఉన్నవాళ్లకు అందడం లేదు. "అందరం తలా కొంత వేసుకుని, మాటను అందుకుని దూరానికి తిరిగి పంపే రిపీటర్, ఎక్కడికైనా మోసుకెళ్లేది ఒకటి పెట్టుకోవచ్చా? తుఫాను వస్తే అదే పనికొస్తుందా? బరంపురం వాళ్లతో కలిసి వాడుకోవచ్చా?" అని అడిగారు.

పెట్టుకోండి మాస్టారూ. పంచుకోండి కూడా. మా బరంపురం మిత్రులం, ఇంకో రెండు ఊళ్ల వాళ్లం కలిసి 2015 నుంచి అలాంటి పెట్టెనే వాడుతున్నాం. అయితే పెట్టె కొన్నంత మాత్రాన తుఫానులో పనికిరాదు. ఏటా నాలుగైదు ఉత్సవాల్లో దాన్ని ఎత్తి దించిన చేతులు ఉంటేనే పనికొస్తుంది. ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది 2013 అక్టోబరు 12న. హుద్‌హుద్ విశాఖను తాకింది 2014 అక్టోబరు 12న. తిత్లీ పలాస దగ్గర తీరం దాటింది 2018 అక్టోబరు 11న. అంతకుముందు 1999లో కూడా అక్టోబరు మధ్యలో ఒకటి గోపాల్‌పూర్ వైపు వచ్చింది. మన తీరానికి గండం ఎక్కువగా దసరా రోజుల్లోనే. కాబట్టి ఆషాఢంలో రథయాత్రకు, భాద్రపదంలో వినాయక నిమజ్జనానికి పెట్టె బయటికి తీస్తే, అక్టోబరు నాటికి ఏ వైరు వదులైందో, ఏ బ్యాటరీ డీలా పడిందో మనకు తెలిసిపోతుంది. జాతర డ్యూటీని మేము తుఫాను ప్రాక్టీసుగానే చూస్తాం.

ఇక అసలు సంగతి. మొదటిసారి చేసేవాళ్లలో చాలామంది దెబ్బతినేది ఒకే చోట. రిపీటర్ ఒక ఫ్రీక్వెన్సీలో వింటుంది, విన్నదాన్ని అదే క్షణంలో ఇంకో ఫ్రీక్వెన్సీలో పంపిస్తుంది. మనకు వీహెచ్‌ఎఫ్ అనే ఫ్రీక్వెన్సీ బ్యాండ్‌లో ఉన్నది 144 నుంచి 146 మెగాహెర్ట్జ్ వరకే. అందులో వినే ఫ్రీక్వెన్సీకీ పంపే ఫ్రీక్వెన్సీకీ మధ్య దూరం 600 కిలోహెర్ట్జ్. అంటే దాదాపు ఒకే చోట అరుస్తూ, అక్కడే గుసగుస వినాలి. 25 వాట్లతో పంపుతూ పక్కనే బలహీనమైన హ్యాండీ సిగ్నల్ వినాలంటే రెండింటి మధ్య సుమారు 85 డెసిబెల్స్ (సిగ్నల్ బలంలో తేడా కొలత) వేరు ఉండాలి. ఊళ్లో శాశ్వతంగా పెట్టే రిపీటర్‌కు ఇందుకోసం పెద్ద పెద్ద క్యావిటీల (కావలసిన ఫ్రీక్వెన్సీనే పోనిచ్చే లోహపు డబ్బాల) డ్యూప్లెక్సర్ పెడతారు, ఒకే యాంటెన్నాతో వినడం, పంపడం రెండూ సాగేలా చూసేది అదే. అది బరువు. పైగా జీపులో ఘాట్ రోడ్డు మీద రెండు గంటలు కుదిపితే దాని ట్యూనింగ్ తప్పిపోతుంది. ఆన్‌లైన్‌లో చవగ్గా దొరికే చిన్న డ్యూప్లెక్సర్లు నాలుగైదు మెగాహెర్ట్జ్ తేడా ఉన్న సెట్ల కోసం చేసినవి. 600 కిలోహెర్ట్జ్‌కు అవి పనికిరావు. దయచేసి వాటి మీద డబ్బు పోయకండి. ఇక్కడ కనీసం ముగ్గురు అలా కొని పక్కన పడేయడం నేను చూశాను.

ఇంకా పై బ్యాండ్ అయిన యూహెచ్‌ఎఫ్‌కు వెళ్దామంటే, విదేశీ వీడియోల్లో చెప్పే 5 మెగాహెర్ట్జ్ షిఫ్ట్ (వినే, పంపే ఫ్రీక్వెన్సీల మధ్య దూరం) మనకు కుదరదు. మన దేశంలో హామ్‌లకు అక్కడ ఉన్నది 434 నుంచి 438 వరకు, మొత్తం నాలుగు మెగాహెర్ట్జే. కాబట్టి ఆ వీడియోల్లోని సెట్టింగులు ఉన్నవి ఉన్నట్టు ఎక్కించకండి.

మరి దారేమిటంటే, మీరు ఏడుగురు కాబట్టి మొదటి ఏడాది క్రాస్‌బ్యాండ్‌తో మొదలుపెట్టండి. క్రాస్‌బ్యాండ్ రిపీట్ సౌకర్యం ఉన్న డ్యూయల్ బ్యాండ్ మొబైల్ సెట్ (ఫోను కాదు, బండిలో బిగించే రేడియో) ఒకటి కొంటే చాలు. మీరు యూహెచ్‌ఎఫ్‌లో మాట్లాడితే అది వీహెచ్‌ఎఫ్‌లో పంపిస్తుంది. రెండు బ్యాండ్లు అంత దూరంగా ఉన్నాయి కాబట్టి క్యావిటీలు అక్కర్లేదు. ఒక డ్యూయల్ బ్యాండ్ యాంటెన్నా, ఒక బ్యాటరీ, అంతే. మొత్తం ఒక సంచిలో పడుతుంది. ఇందులో రెండు జాగ్రత్తలు. వీహెచ్‌ఎఫ్ ఫ్రీక్వెన్సీని మూడుతో గుణిస్తే యూహెచ్‌ఎఫ్‌లోనే పడుతుంది. ఉదాహరణకు 145.200లో పంపుతుంటే 435.600లో దాని నీడ వస్తుంది. వినే ఫ్రీక్వెన్సీ అక్కడ పెట్టుకున్నారంటే రిపీటర్ తన గొంతు తానే వింటూ కూర్చుంటుంది. రెండోది వేడి. మొబైల్ సెట్లు గంటల తరబడి ఆగకుండా పంపడానికి తయారుచేసినవి కావు. 50 వాట్ల సెట్ అయినా 5 లేదా 10 వాట్ల మీద పెట్టండి, పక్కన చిన్న ఫ్యాన్ తిరగనివ్వండి.

రెండో ఏడాది చేయి తిరిగాక అసలైన రిపీటర్‌కు వెళ్లండి. మా పెట్టెలో వాడిన పాత కమర్షియల్ మొబైల్ సెట్లు రెండున్నాయి, ఒకటి వినడానికి, ఒకటి పంపడానికి. ఒకే యాంటెన్నాకు పెద్ద డ్యూప్లెక్సర్ పెట్టే బదులు రెండు యాంటెన్నాలను ఒకే మాస్ట్ (యాంటెన్నా స్తంభం) మీద, ఒకదాని మీద ఒకటి, దాదాపు 10 మీటర్ల ఎడంలో పెడతాం. వీహెచ్‌ఎఫ్‌లో నిలువుగా 10 మీటర్ల ఎడం ఇస్తే సుమారు 55 డెసిబెల్స్ వేరు వస్తుంది. నేల మీద అడ్డంగా అంత వేరు రావాలంటే వంద మీటర్లకు పైనే జరపాలి. మిగతా లోటును చెరో చిన్న క్యావిటీ ఫిల్టర్‌తో, పవర్ 10 వాట్లకు తగ్గించి పూడ్చుకుంటాం. పవర్ తగ్గించడానికి చాలామందికి మనసొప్పదు. కానీ రిపీటర్ ఎంత గట్టిగా అరిచినా హ్యాండీలో ఉన్న 5 వాట్లు పెరగవు కదా. వినపడనిదాన్ని అది తిరిగి చెప్పలేదు.

కేబుల్ సంగతి ఒక్క మాట. సన్నటి ఆర్‌జీ-58 రకం కేబుల్ ఇరవై మీటర్లు వేస్తే 145 మెగాహెర్ట్జ్ దగ్గర సుమారు 4 డెసిబెల్స్ పోతాయి, అంటే సగానికి పైగా పవర్ కేబుల్లోనే ఆవిరి. లావుపాటి ఆర్‌జీ-213 వేస్తే అందులో సగం కూడా పోదు. చందా డబ్బులో సగం యాంటెన్నా, కేబుల్, బ్యాటరీలకే పక్కన పెట్టండి. సెట్ల మీద ఉన్న మోజు వీటి మీద ఉండదు, కానీ మధ్యలో ఆగిపోయేది ఎప్పుడూ వీటి దగ్గరే.

ఎక్కడ పెట్టాలి? మీ ప్రశ్నలో మహేంద్రగిరి మీద పెడితే ఎలా ఉంటుందని ఒక వాక్యం రాశారు. 1501 మీటర్ల కొండ, చూడగానే ఎవరికైనా ఆశ పుడుతుంది. కానీ ఉత్సవానికి అది వద్దు. బ్యాటరీలు పైకి మోయడం, పిడుగులు, రాత్రి కాపలా అన్నీ అలా ఉంచినా, అంత ఎత్తు నుంచి చూస్తే మీ వీధులు చుట్టూ ఉన్న కొండల నీడలో పడతాయి. మీకు కావలసింది ఊరి వైపు వాలు ఉన్న చిన్న గుట్ట, లేదంటే మూడంతస్తుల డాబా. లెక్క కూడా సులువే. 10 మీటర్ల ఎత్తు నుంచి రేడియో చూపు సుమారు 13 కిలోమీటర్లు, చేతిలో హ్యాండీ పట్టుకుని నిలబడ్డ మనిషికి ఇంకో 5. అడ్డంకులు లేకపోతే మొత్తం 18. చుట్టూ ఉన్న నేల కంటే 300 మీటర్ల ఎత్తున్న గుట్ట భుజం మీద పెడితే ఆ 13 కాస్తా 70 అవుతుంది. పర్లాకిమిడి, పాతపట్నం, కాశీనగర్ వైపు మైదానానికి అది చాలదా?

పురుషోత్తంపూర్ దగ్గర తారాతారిణి కొండ మీద చైత్రమాసం మంగళవారాలప్పుడు మేము నేర్చుకున్నది ఇదే. 999 మెట్లు, లెక్కలేనంత జనం. మెట్ల మొదట్లో ఉన్నవాళ్లు, గుడి దగ్గర ఉన్నవాళ్లు సింప్లెక్స్‌లో (సెట్ నుంచి సెట్‌కు నేరుగా) హాయిగా మాట్లాడుకుంటారు, రిపీటర్ అవసరమే లేదు. కష్టమంతా కొండకు అవతలి వాలున బళ్లు ఆపే చోట, ఋషికుల్య నది ఒడ్డున. ఆ రెండు చోట్లు కనపడే ఒక మలుపు వెతికి అక్కడ పెట్టెను పెట్టాం. అందుకే ముందు నడిచి చూడండి. ఇద్దరు రెండు హ్యాండీలు పట్టుకుని ఒక పూటంతా తిరిగి, ఎక్కడ మాట తెగుతోందో కాగితం మీద రాసుకోండి. తెగే చోట్లు రెండే ఉంటే అక్కడ ఒక మనిషిని నిలబెట్టి మాట అందించుకోవచ్చు. రిపీటర్ తేనక్కర్లేదు.

బరంపురంలో ఠాకురాణీ యాత్ర రెండేళ్లకోసారి వస్తుంది. మన దేవాంగుల వీధులు ఇరుకు, రాత్రంతా వెలుతురు. ఒక యాత్రలో సాయంత్రం ఆరు దాకా అద్దంలా పలికిన రిపీటర్ ఆరున్నరకు చెవిటిదైంది. కేబుల్ మార్చాం, యాంటెన్నా దించి ఎత్తాం, లాభం లేదు. చివరికి తెలిసింది, అది వీధి మొత్తం వేలాడదీసిన సీరియల్ లైట్ల చవక అడాప్టర్ల రొద. లైట్లు వెలిగితే స్క్వెల్చ్ (సిగ్నల్ లేనప్పుడు సెట్ నోరు మూసి ఉంచే ఏర్పాటు) తెరుచుకునేంత రొద. పెట్టెను రెండు వీధుల అవతల డాబా మీదికి మార్చాక గానీ దారికి రాలేదు. అప్పటి నుంచి దీపాలు, జనరేటర్లు, డీజే బళ్లు అన్నీ ఆన్‌లో ఉన్నప్పుడే పరీక్ష చేస్తాం. పగటి పరీక్షను నమ్మకండి.

సబ్ టోన్ (మాటతో పాటు వెళ్లే సన్నని గుర్తు ధ్వని, అది ఉన్న సిగ్నల్‌కే రిపీటర్ పలుకుతుంది) తప్పకుండా పెట్టండి, 88.5 హెర్ట్జ్ అయినా సరే, అందరి సెట్లలో ఒకటే ఉండాలి. ఆగకుండా మూడు నిమిషాలు పంపితే రిపీటర్‌ను ఆపేసే టైమర్ కూడా పెట్టండి. ఎవరి జేబులోనో పీటీటీ (మాట్లాడే మీట) నొక్కుకుపోయి రిపీటర్ అలాగే పంపుతూ ఉంటే ఉత్సవం మధ్యలో అందరి నోరూ మూతపడుతుంది.

బ్యాటరీ లెక్క మీరే వేసుకోగలరు. మాస్టారు కాబట్టి పిల్లలతో వేయించినా బాగుంటుంది. 10 వాట్లలో పంపేటప్పుడు మా పెట్టె సుమారు 4 ఆంపియర్లు లాగుతుంది, ఊరికే వింటున్నప్పుడు అర ఆంపియర్. సగం సమయం పంపుతోందనుకుంటే సగటున రెండుంపావు. ఇంట్లో ఇన్వర్టర్‌కు పెట్టే 150 ఏహెచ్ ట్యూబులర్ బ్యాటరీని సగానికి మించి దించకూడదు కాబట్టి 75 ఏహెచ్ చేతిలో ఉన్నట్టు. ఒక పగలు, ఒక రాత్రి దాటి ఇంకా మిగులుతుంది. కానీ దాని బరువు ఇద్దరు మోయాలి. లిథియం ఫాస్ఫేట్ బ్యాటరీ ఖరీదు ఎక్కువే అయినా ఒక్కరు భుజాన వేసుకుని మెట్లెక్కగలరు. కొండ ప్రాంతంలో నా ఓటు దానికే. ఏదైనా సరే, పౌర్ణమికీ అమావాస్యకూ ఛార్జింగ్ పెట్టడం మా అలవాటు. క్యాలెండర్ చూడకపోయినా ఇంట్లో ఎవరో ఒకరు గుర్తుచేస్తారు. ఒకసారి మాలో ఒకరు ఇంట్లో ఇన్వర్టర్ చెడిపోయిందని ఆ బ్యాటరీ వాడుకున్నారు, ఎవరికీ చెప్పలేదు. డ్యూటీ రోజు పొద్దున పెట్టె తెరిస్తే బ్యాటరీ ఖాళీ. ఆయన మంచి మనిషి, కావాలని చేసింది కాదు. కానీ ఆ రోజు నుంచి పెట్టెకు ఒక రిజిస్టరు పెట్టాం.

పంచుకోవడం గురించి అడిగారు కదా, అదంతా ఈ రిజిస్టరులోనే ఉంది. ఎవరు తీసుకెళ్లారు, ఎప్పుడు, తిరిగిచ్చినప్పుడు ఏది విరిగింది, ఎవరు బాగుచేయించారు, అన్నీ రాస్తాం. పెట్టె మూత లోపల సామాను జాబితా, వైరింగ్ బొమ్మ అతికించి ఉంటాయి. బొమ్మ కింద తెలుగులో, ఒడియాలో రెండింటిలో రాశాం, ఎందుకంటే మా మిత్రుల్లో ఇద్దరికి తెలుగు చదవడం రాదు. అన్ని ఊళ్ల సెట్లకూ బ్యాటరీ కనెక్టర్లు ఒకటే రకం. ఇది చిన్న విషయంలా కనపడుతుంది గానీ, ఎరుపు నలుపు తారుమారై ఒక సెట్ కాలిపోయాక దీని విలువ అందరికీ తెలిసింది.

తుఫాను కాలానికి వేరే నియమం ఉంది. భారత వాతావరణ శాఖ తుఫాను అలర్ట్ సుమారు 48 గంటల ముందు, వార్నింగ్ 24 గంటల ముందు ఇస్తుంది. అలర్ట్ వచ్చిన రోజునే పెట్టె తీరానికి దూరంగా, ముప్పు ఉన్న ప్రాంతానికి దగ్గరగా చేరాలి. వార్నింగ్ వచ్చాక ఎవరూ దాని కోసం రోడ్డెక్కకూడదు. ఎవరి దగ్గర ఉంటే వాళ్ల దగ్గరే. ఇంకో మాట, తుఫాను రాకముందు మాస్ట్ ఎత్తకండి. ఫైలిన్ గాలి గంటకు 200 కిలోమీటర్లు దాటింది, ఆ గాలికి మన వెదురు కర్రా అల్యూమినియం గొట్టమూ ఆగవు. గాలి తగ్గి, సెల్ టవర్ల బ్యాటరీలు అయిపోయే వేళకు రిపీటర్ అవసరం మొదలవుతుంది. అప్పటిదాకా అది మూతపెట్టిన పెట్టెలో, మంచం మీద ఎత్తున ఉండాలి. మీ దగ్గర మహేంద్రతనయ నది పొంగితే నీళ్లు చేరే ఇంట్లో అసలు పెట్టకండి.

లైసెన్సు సంగతి సూటిగా చెబుతాను. మీ ఏడుగురి దగ్గర ఉన్నవి మీరు మాట్లాడటానికి. రిపీటర్‌కు డబ్ల్యూపీసీ (కేంద్ర ప్రభుత్వ వైర్‌లెస్ విభాగం) నుంచి విడిగా అనుమతి కావాలి, దానికి వేరే కాల్‌సైన్ (గాలిలో చెప్పే గుర్తింపు పేరు) ఉంటుంది. క్లబ్బు పేరుతో, బాధ్యత తీసుకునే ఒక మనిషి పేరుతో దరఖాస్తు చేయండి. అనుమతి పత్రంలో ఏ చోటు, ఏ ఫ్రీక్వెన్సీ రాసి ఉన్నాయో చూసుకుని దాని ప్రకారమే నడవండి. ఒడిశా నుంచి ఆంధ్రలోని పాతపట్నం వైపు దాటించాలనుకుంటే ఆ మాట దరఖాస్తులోనే రాయండి. క్రాస్‌బ్యాండ్‌నూ రిపీటర్‌గానే భావించి అనుమతి అడగండి. ఉత్సవానికి ముందు పోలీస్ స్టేషన్‌లో ఒక కాగితం ఇచ్చి, కాల్‌సైన్ల జాబితా జతచేస్తే రాత్రిపూట ఎవరూ ఆపి అడగరు.

ఉత్సవ కమిటీ వాళ్లు "మాకూ నాలుగు సెట్లివ్వండి" అంటారు. ఇవ్వకండి. టెంటు వాళ్లకు, వంటవాళ్లకు కబుర్లు మోయడం మన పని కాదు, లైసెన్సు లేని చేతికి సెట్ వెళ్లకూడదు. తప్పిపోయిన పిల్లలు, సొమ్మసిల్లిన పెద్దలు, అంబులెన్సుకు దారి, ఇవి మనవి. అందులోనూ పిల్ల పేరు గాలిలో చెప్పకండి, స్కానర్ ఉన్న ఎవరైనా వింటారు. "ఆరేళ్ల పాప, పసుపు గౌను, రెండో నంబరు పాయింట్ దగ్గర క్షేమం" అంటే చాలు.

చివరిగా తిత్లీ అనుభవం చెప్పాలి, ఎందుకంటే అది మీ జిల్లాలోనే జరిగింది. గజపతి జిల్లాలో వర్షానికి కొండచరియలు విరిగిపడ్డాయి, బరఘర దగ్గర ప్రాణాలు పోయాయి. ఆ రోజుల్లో మా పెట్టె లోయలో బాగానే పనిచేసింది. కానీ బరంపురానికి మాట చేరాలంటే మధ్యలో మహేంద్రగిరి పంక్తి అడ్డం. అక్కడ రిపీటర్ వల్ల కాదు, 7 మెగాహెర్ట్జ్‌లో హెచ్‌ఎఫ్ సెట్ (కొండలు దాటి దూరానికి మాట చేర్చే తక్కువ ఫ్రీక్వెన్సీల రేడియో), తలకు కాస్త పైన కట్టిన తీగ యాంటెన్నా పనిచేశాయి. కాబట్టి మీ ఏడుగురిలో ఒక్కరైనా హెచ్‌ఎఫ్ సిద్ధంగా పెట్టుకోవాలి. రిపీటర్ ఊరికి, హెచ్‌ఎఫ్ బయటి ప్రపంచానికి.

ఇంకొకటి, ఇప్పటికీ నన్ను బాధపెట్టేది. తాగునీరు, టార్పాలిన్లు కావాలని వచ్చిన ఒక సందేశంలో "రాయగడ" అని ఉంది. పంపినవాళ్లు అన్నది గజపతి జిల్లాలోని రాయగడ బ్లాకు. విన్నవాళ్లు రాసుకున్నది వేరే జిల్లాలో ఉన్న రాయగడ పట్నం. సరిచేసుకునేసరికి ఒక పూట పోయింది. ఆ పూట అక్కడ నీళ్ల కోసం చూసినవాళ్లకు అది చాలా పెద్ద పూట. మన దగ్గర ఇలాంటి పేర్లు ఇంకా ఉన్నాయి. ఉదయగిరి అంటే గజపతిలో ఆర్.ఉదయగిరి ఉంది, కంధమాల్‌లో జి.ఉదయగిరి ఉంది. పర్లాకిమిడి, బరంపురం పేర్లను ఒడియా మిత్రులు వేరేలా పలుకుతారు. ఇప్పుడు మా పెట్టె మూతలో జిల్లా, బ్లాకు, ఊరు వరుసగా రాసిన పేజీ ఒకటి ఉంది. ఏ సందేశమైనా ఈ మూడూ చెప్పాకే మొదలవుతుంది, విన్నవాళ్లు మూడూ తిరిగి చదివి వినిపిస్తారు.

మీ వైపు ఊళ్ల పేర్లతో అలాంటి పేజీ ఈ వారమే రాయడం మొదలుపెట్టండి, దానికి రిపీటర్ రావలసిన అవసరం లేదు. వచ్చే చైత్రంలో ఒక మంగళవారం మీలో ఇద్దరు తారాతారిణికి రండి. పెట్టె దించడం, మాస్ట్ ఎత్తడం, క్యావిటీలు సరిచూడటం మీ చేతులతోనే చేయిస్తాం. పొద్దున ఐదింటికల్లా మెట్ల మొదట్లో ఉండాలి, జనం పెరిగితే మాస్ట్ మోసుకెళ్లడం కష్టం.